ఎడమకాలు దించకూడదు

దక్షిణ కొరియాలోని సువాన్‌లో మా అపార్ట్‌మెంట్‌కి ఎదురు భవనంలో, మూడో అంతస్తులో తైక్వాండో దోజాంగ్, అంటే తైక్వాండో నేర్పే చోటు ఉంది. కింద చికెన్ షాపు, మధ్యలో పియానో క్లాసు. సాయంత్రమంతా ఒక పసుపు వ్యాన్ పిల్లల్ని తెచ్చి దింపుతూ, మళ్లీ ఎక్కించుకుపోతూ ఉంటుంది. దాన్ని నడిపేది కూడా మా సాబొమ్‌నిమే, అంటే మాస్టారే. రాత్రి ఎనిమిదిన్నరకు పెద్దవాళ్ల బ్యాచ్. బ్యాచ్ అంటే నలుగురం. అందులో నాకు 41 ఏళ్లు, 78 కిలోలు, నడుముకి రెడ్ బెల్టు.

గాల్లోకి గెంతి, పేరుకి 540 డిగ్రీలు తిరిగి తన్నే తన్ను ఒకటుంది, దాన్ని 540 అంటారు. నాకు ఆ పిచ్చి పట్టించింది మాత్రం ఆ నలుగురిలో ఎవరూ కాదు, ఆరో తరగతి పిల్ల. వాళ్లమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది కాబట్టి మా క్లాసు అయ్యేదాకా అక్కడే ఉంటుంది. నడుముకి సగం ఎరుపు, సగం నలుపు ఉన్న బెల్టు. 15 ఏళ్లలోపు వాళ్లకి ఇక్కడ డాన్, అంటే పెద్దవాళ్ల బ్లాక్ బెల్టు స్థాయి ఇవ్వరు, దాని బదులు పూమ్ ఇస్తారు. ఆ రంగు దానిదే. ఓరోజు బోర్ కొట్టిందో ఏమో, ఓ మూలకి వెళ్లి గాల్లోకి లేచి గిర్రున తిరిగి, ఎవరో పైకెత్తి పట్టుకున్న ప్యాడ్‌ని ఠప్పున తన్ని, తన్నిన కాలి మీదే దిగింది. చప్పుడు లేదు. నేను నీళ్ల సీసా మూత తీసి, తాగడం మర్చిపోయాను.

సాబొమ్‌నిమ్‌ని అడిగితే నవ్వి కొట్టిపారేశాడు. "పోటీలో పనికిరాదు" అన్నాడు. నిజమే. క్యొరుగిలో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోటీలో, ఛాతీ మీద మామూలు తన్నుకి 2 పాయింట్లు, తిరిగి తన్నితే 4, తిరిగి తల మీద తన్నితే 5. కానీ 540 కోసం వీపు చూపించి గెంతేలోపు ఎదుటివాడు పక్కకి జరిగిపోతాడు, లేదా మన వీపు మీదే తన్నడానికి సిద్ధంగా ఉంటాడు. ఇది ప్రదర్శనల కోసం, ఫ్రీస్టైల్ పూమ్‌సే కోసం, అంటే ఎదుటివాడు లేకుండా ఒక్కరే కదలికల వరస చేసి చూపించే పోటీ కోసం. అక్కడ ఎన్ని డిగ్రీలు తిరిగావన్నదానికి కూడా మార్కులు పడతాయి. సరే, నేనేమీ ఒలింపిక్స్‌కి పోవట్లేదు కదా!

మొదట దోల్గే చాగి, అంటే 360 తన్ను, బాగా రావాలి. దోల్గేబరమ్ అంటే కొరియన్‌లో సుడిగాలి. పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఎడమ భుజం వెనక్కి తిప్పుతూ ఒళ్లు తిరుగుతుంది, ఎడమ మోకాలు పైకి లేస్తుంది, కుడికాలు నేలని తన్ని లేచి, గాల్లో అదే కుడికాలు తంతుంది. దిగేది ఎడమకాలి మీద. ఇది నాకు ఆర్నెల్లకి వచ్చేసింది. 540 కూడా అచ్చం ఇదే, ఒక్కటే తేడా: దిగేది కూడా కుడికాలి మీదే. ఎడమకాలు మాత్రం గాల్లోనే ఉండిపోవాలి.

ఆ ఒక్క తేడాకి నాకు పద్నాలుగు నెలలు పట్టింది.

గిరగిరా తిరగడం కష్టమనుకుంటాం గానీ, అది తేలిక. ఆఫీసులో తిరిగే కుర్చీలో చేతులు చాపి కూర్చుని, ఒక్కసారి ఛాతీకి దగ్గరగా లాక్కుంటే కుర్చీ వేగం పెరుగుతుంది చూడండి, ఇక్కడా అంతే. తల ముందు తిరగాలి, భుజం మీదుగా ప్యాడ్‌ని కంటితో పట్టుకోవాలి, ఒళ్లు దాని వెనకే వస్తుంది. గొడవంతా ఎడమకాలితోనే. కింద నేల వస్తోందని దానికి ముందే తెలిసిపోతుంది. దిగొద్దని నేనంటాను, అది దిగిపోతుంది. మార్చిలో అలాగే రెండు కాళ్లూ ఒకదానికొకటి అడ్డం పడి చీలమండ మడతపడింది. రెండు వారాలు కుంటాను. అమ్మ వీడియో కాల్‌లో కట్టు చూసి, "ఈ వయసులో ఈ గెంతులేంట్రా, పిల్లలు నవ్వట్లేదా?" అంది. నవ్వుతున్నారమ్మా, రోజూ.

మళ్లీ వెళ్లిన రోజు ఆ పిల్ల నా మేజోళ్లు రెండూ ఉండలా చుట్టి, ఎడమ మోకాలి వెనక మడతలో పెట్టింది. "ఇది కింద పడకూడదు. మోకాలు విప్పితే పడిపోతుంది." ముందు నిలబడి గెంతడం, తర్వాత సగం తిరగడం, తర్వాత పూర్తిగా. మేజోళ్లు పడిన ప్రతిసారీ "అజొషీ, మురుప్!" అని అరిచేది. అంకుల్, మోకాలు! కలలో కూడా అదే వినబడేది.

ఈలోపు ఇంజనీరు బుద్ధి ఊరుకోదుగా, ఫోన్లో స్లో మోషన్ తీసి లెక్కపెట్టాను. నేల వదిలిన క్షణం నుంచి దిగేదాకా తిరిగింది 360కి అటూ ఇటూ. మిగతాదంతా కాళ్లు ఇంకా నేల మీద ఉండగానే తిరుగుతున్నాం. పెద్ద మోసం బయటపెట్టినట్టు ఆ పిల్లకి చూపించాను. "అయితే మీరు 360 అనే పిలవండి, అందరూ దోల్గే అనుకుంటారు" అని తన ఫోన్లోకి తల దూర్చేసింది.

పోయిన గురువారం మేజోళ్లు లేకుండా ప్రయత్నించాను. ప్యాడ్ తగిలిన చప్పుడు విన్నాను, తర్వాత కుడి పాదం కింద మ్యాట్ తగిలింది. అంతే, ఇంకేం జరగలేదు. చేతులు రెండూ చాపి కొంగలా నిలబడ్డాను, ఎడమ మోకాలు ఛాతీ దగ్గరే ఉంది. కదిలితే లెక్కలోకి రాదేమోనని ఊపిరి బిగబట్టాను. సాబొమ్‌నిమ్ ప్యాడ్ పట్టుకుని అలాగే చూస్తున్నాడు.

మూల నుంచి ఆ పిల్ల, షూ లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండానే అంది:

"అజొషీ, ఇప్పుడు దించొచ్చు."