సొసైటీలో డబ్బు దాచేటప్పుడు ఏ ఖాతాలో ఎంత?

బ్యాంకు ఆరున్నర శాతం ఇస్తున్నప్పుడు ఊళ్లో పరపతి సంఘం ముప్పావలా వడ్డీ, అంటే ఏడాదికి 9 శాతం ఇస్తానంటే ఎవరికైనా మనసు లాగుతుంది. లక్షకి ఏడాదికి 2,500 తేడా. ఆ తేడా ఎందుకొస్తోందో తెలిస్తే, ఏ ఖాతాలో ఎంత వెయ్యాలో సగం తేలిపోతుంది.

వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, లైసెన్సున్న అర్బన్ బ్యాంకులు డిపాజిట్ బీమా కిందకి వస్తాయి. ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ, అన్ని బ్రాంచీలూ కలిపి 5 లక్షల దాకా భరోసా. 2020 ఫిబ్రవరి 4కి ముందు ఇది లక్షే. 1995 చట్టం కింద రిజిస్టరైన పరస్పర సహాయ సహకార సంఘాలకి, మండలాల్లోని పీఏసీఎస్‌లకి (ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘాలకి) ఈ బీమా లేదు. సొసైటీ ఎక్కువిచ్చేది ముఖ్యంగా అందుకే. 2020లో బ్యాంకింగ్ నియంత్రణ చట్టాన్ని సవరించిన తర్వాత రిజర్వు బ్యాంకు లైసెన్సు లేని సొసైటీ తన పేరులో ‘బ్యాంకు’ అని పెట్టుకోకూడదు. బోర్డు మీద ఆ మాట కనబడి, లైసెన్సు చూపించమంటే దాటేస్తుంటే అక్కణ్నుంచి వచ్చెయ్యడమే.

చిన్న సొసైటీకి అసలు చిక్కు మోసం కన్నా, అందరూ ఒకే ఊరివాళ్లు కావడం. పలాసలో సొసైటీ అనుకోండి. అప్పు తీసుకున్నది జీడిపప్పు వ్యాపారులు, బట్టీల యజమానులు. డబ్బు దాచుకున్నదీ ఆ బజారువాళ్లే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసింది. అలాంటప్పుడు అప్పుల వసూళ్లు ఆగేదీ, దాచుకున్నవాళ్లు డబ్బుకోసం వచ్చేదీ ఒకే వారంలో. తుపాను లేని ఏడాదిలో కూడా సంక్రాంతి ముందు, జూన్‌లో స్కూలు ఫీజులప్పుడు అందరూ కలిసే తీస్తారు. అందుకే వడ్డీ రేటు కన్నా ముందు అడగాల్సింది, డిపాజిట్లలో ఎంత భాగం బ్యాంకులో విడిగా ఉంచారని. 2 కోట్ల డిపాజిట్లకి బ్యాంకులో 10 లక్షలే ఉంటే అది 5 శాతం. పండగ నెలలో అది చాలదని నా అభిప్రాయం. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చూపించమనండి, గడువు మీరిన అప్పులు ఏడాదికేడాది పెరుగుతున్నాయేమో చూడండి. సభ్యులకి చూపించడానికి మొహమాటపడే సొసైటీలో మిగతా ఖాతాల గురించి ఆలోచించక్కర్లేదు.

సేవింగ్స్ ఖాతా విషయంలో ఒక్కటే గట్టిగా అడగండి: వడ్డీ రోజువారీ నిల్వ మీద లెక్కేస్తారా, నెలలో కనిష్ఠ నిల్వ మీదా? బ్యాంకులు 2010 ఏప్రిల్ నుంచి రోజు లెక్కకి మారాయి. సొసైటీ ఇంకా పాత పద్ధతిలో, 10వ తారీఖు నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ చూస్తుంటే, 40,000 ఉన్న ఖాతాలో 28న 35,000 తీసినా ఆ నెలకి వడ్డీ 5,000 మీదే. అలాంటిచోట వేసేది 10లోపు, తీసేది వచ్చే నెల మొదట్లో. ఇంకో సంగతి, లైసెన్సు లేని సొసైటీ చెక్కుతో తీసుకునే ఖాతా ఇవ్వకూడదు. కాబట్టి జీతం, పెన్షన్ వచ్చే బ్యాంకు ఖాతాని మూసెయ్యకండి.

ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్, లెక్కలో చాలామంది పొరబడతారు. నెలకి 2,000 చొప్పున ఏడాది, 8 శాతం అంటే 24,000 మీద 1,920 వస్తుందనుకుంటారు. మొదటి నెల కట్టింది పన్నెండు నెలలు ఉంటుంది, ఆఖరిది ఒక్క నెలే. సాధారణ వడ్డీకి వచ్చేది 1,040. మోసమేం లేదు, లెక్కే అంత.

బాండు, అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్, దగ్గర బోర్డు మీది అంకె జాగ్రత్త. మూడు నెలలకోసారి వడ్డీ కలిపే 9 శాతం బాండులో లక్ష మూడేళ్లకి 1,30,605 అవుతుంది. ఆ 30,605ని మూడుతో భాగించి ‘10.2 శాతం’ అని రాస్తారు. పక్క సొసైటీ 9.5ని అదే పద్ధతిలో కలిపితే అదే ఎక్కువ. ముందే తెంచితే ఏమిస్తారో కూడా రాయించుకోండి. ఉదాహరణకి 14 నెలలకే తెంచారు, అప్పుడు ఏడాది బాండు రేటు 7.5 లోంచి 1 శాతం కోత అంటే 6.5 చొప్పున 7,583 వస్తుంది. 9 శాతం చొప్పున 10,500 అని లెక్కేసుకుంటే 2,917 తక్కువ. కాబట్టి 3 లక్షలుంటే ఒకే బాండు వద్దు. లక్ష చొప్పున మూడు, ఒకటి ఏడాదికి, ఒకటి రెండేళ్లకి, ఒకటి మూడేళ్లకి. కొద్దిరోజుల అవసరమైతే తెంచడం కన్నా బాండు మీద అప్పు తీసుకోవడం చవక కావచ్చు, రెండూ లెక్కేసి చూడండి.

డైలీ కలెక్షన్ బజారులో చిన్న వ్యాపారికి వీలే, వడ్డీ మాత్రం నామమాత్రం. రోజుకి 100 చొప్పున 150 రోజులు కట్టి మధ్యలో ఆపితే, 3 శాతం కోత ఉన్నచోట 15,000 లోంచి 450 పోతుంది. కార్డు మీద ఏజెంటు సంతకం సరిపోదు. వారానికోసారైనా ఆఫీసులో పాస్‌బుక్ వేయించుకోండి, లేకపోతే డబ్బు ఏజెంటు దగ్గరే ఆగిపోయినా మీకు తెలీదు.

అప్పటికే ఉన్న నిల్వ కలిపి 20,000 చేరితే సొసైటీ నగదుగా డిపాజిట్ తీసుకోకూడదు, తిరిగివ్వకూడదు. బ్యాంకు ద్వారానే జరగాలి. పీఏసీఎస్‌లకి మాత్రం 2023లో ఈ పరిమితిని 2 లక్షలు చేశారు. ‘ఇంట్లో ఇద్దరి పేర్లన 19,000 చొప్పున రాసేద్దాం’ అనే గుమస్తా ఉన్నచోట మిగతా పుస్తకాలెలా రాస్తున్నారో ఊహించుకోండి.

సభ్యత్వ కాగితం మీద సంతకం పెట్టేముందు బైలాలో, అంటే సంఘం నియమావళిలో, లోటు గురించి రాసిన భాగం చదవండి. 1995 చట్టం ప్రకారం సంఘానికి నష్టమొస్తే ‘లోటు భర్తీ నిధి’ నుంచి సర్దడమే కాదు, సభ్యుల ఖాతాల్లో వేసే వీలు కూడా బైలాలో పెట్టుకోవచ్చు. దాచుకున్న అసలు సొమ్ము మునగదన్న మాట అక్కడ చెల్లదు. ఇక పేర్లు: ఇంటిపేరు ఆధార్‌లో ముందుంటే పాస్‌బుక్‌లోనూ బాండులోనూ ముందే ఉండాలి. నామినీని ప్రతి బాండుకీ విడివిడిగా రాయించండి, రెన్యువల్ చేసినప్పుడు మళ్లీ చూసుకోండి. కొత్త బాండులో పాత నామినీ పేరు దానంతటదే ఎక్కుతుందని అనుకోవద్దు.