ఒక సోఫాకు నాలుగు పేజీలు

2018లో ఒక ఆదివారం. దుబాయిలో అప్పటికి సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం పని మొదలు. షార్జా అల్ నహ్దాలోని గది నుంచి బయలుదేరి, అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌ను ఈదుకుంటూ వెబ్‌సైట్లు కట్టే మా ఆఫీసు చేరేసరికి మేనేజరు నా కుర్చీ దగ్గరే నిలబడి ఉన్నారు. సోఫాలు, మంచాలు అమ్మే ఖాతాదారు పొద్దున్నే ఫోన్ చేశారట, గూగుల్‌లో తమ దుకాణం కనబడటం లేదని.

వాళ్ల సైట్‌కు రెండు చిరునామాలు. కంప్యూటర్‌కు ఒకటి, ముందు 'ఎం' అక్షరం, చుక్క తగిలించి ఫోనుకు ఇంకొకటి. ఎవరో పాతకాలంలో కట్టి ఇచ్చారు. ఫోను పేజీ తేలిగ్గా ఉండాలని కొలతలు, చెక్క రకం, డెలివరీ వివరాలు అన్నీ కోసేసి ఫొటో, ధర మిగిల్చారు. పెద్ద పేజీలో ఉన్నాయి కదా అని ధీమా. ఆ ఏడాది మార్చి నుంచి గూగుల్ ఒక్కో సైట్‌కూ ఫోను పేజీనే అసలు పేజీగా చదవడం మొదలుపెట్టింది. కోసి పారేసినవన్నీ దాని లెక్కలో లేనట్టే.

పైగా, రెండూ ఒకే సరుకు పేజీలని గూగుల్‌కు తెలియాలంటే, ఫోను పేజీ తన కోడ్‌లో జోడీ అయిన పెద్ద పేజీ చిరునామాను చూపించాలి. ఇక్కడ సోఫాలన్నీ ముఖపేజీని చూపిస్తున్నాయి! వాట్సాప్‌లో వచ్చిన లింకు ఒకటి నా కంప్యూటర్‌లో తెరిచాను. ఫోను పేజీయే వచ్చింది. 'కాల్ చేయండి' బటన్ అప్పడాల కర్రలా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పడుకుని ఉంది.

యజమాని మనసు మాత్రం మెరుపు గుర్తు మీద ఉంది. 2016 నుంచి గూగుల్ వార్తల పక్కన మెరిసిన ఏఎంపీ గుర్తు అది; ఫోనులో పేజీలు త్వరగా తెరుచుకోవడానికి గూగుల్ తెచ్చిన పద్ధతి ఏఎంపీ. పేజీ చటుక్కున తెరుచుకునే మాట నిజమే. కానీ అప్పట్లో అందులో పేజీని నొక్కితే కదిలేలా చేసే జావాస్క్రిప్ట్ కోడ్ మనకు కావలసినట్టు రాసుకోనిచ్చేవారు కాదు, రంగులూ అమరికా చెప్పే స్టైల్ షీట్‌ను 50 కిలోబైట్లు దాటనిచ్చేవారు కాదు. వార్త చదివి వెళ్లిపోయేవారికి అది చాలేది, గుడ్డ రంగు మార్చి మార్చి చూసుకునే కొనుగోలుదారుకు చాలేది కాదు. ఇంగ్లీషు, కుడి నుంచి ఎడమకు నడిచే అరబిక్ కలిపి ఒక్క సోఫాకు అప్పటికే నాలుగు పేజీలు. ఏఎంపీ చేరితే ఆరు. ధర మారినప్పుడల్లా ఆరింటినీ దిద్దే జీతగాడిని నేనే కదా! 2021లో వార్తల వరుసకు ఏఎంపీ అక్కర్లేదని గూగులే అన్నప్పుడు ఆ యజమాని గుర్తొచ్చి నవ్వుకున్నాను.

చివరికి రెస్పాన్సివ్‌కే ఒప్పించాం. ఒకే చిరునామా, తెర వెడల్పును బట్టి సర్దుకునే పేజీ. పాత 'ఎం' చిరునామాలను ఒక్కొక్కటిగా కొత్త వాటికి మళ్లించాం. దీనికీ ఒక తద్దినం ఉంది: ఏమరుపాటుగా ఉంటే పెద్ద తెర ఫొటోలే చిన్న ఫోనుకూ దిగుతాయి. ఆఫీసు వైఫైలో అది తెలియదు. అందుకని లింకు గుడివాడలో మా ఆవిడకు పంపాను, ఆమెది పాత ఫోను.

"ఏమండీ, సోఫా ఇంకా రాలేదు, ఇక్కడ పప్పు మాడిపోయింది."

ప్రతి ఫొటోనూ నాలుగు సైజుల్లో కత్తిరించి, తెరకు తగినదే దిగేలా చేసి, రాత్రి మళ్లీ పంపాను.

"వచ్చింది. ఇదేమిటండీ, ఇంత ధరా? మన ఇంటికి మాత్రం వద్దు."