వేడి ఇంజన్ మీద పెట్రోలు పోయకండి

మొన్న ఆదివారం ఊరెళ్తే బాబాయి పామాయిల్ తోటలో బ్రష్ కట్టర్ భుజానికి తగిలించుకుని గడ్డి కోస్తున్నాడు. మధ్యలో పెట్రోలు అయిపోయింది, మిషన్ చెట్టు మొదట్లో దించి, సైలెన్సర్ ఇంకా టిక్కు టిక్కుమంటా ఉండగానే క్యాన్ మూత తీసి టాంకులో పోయబోయాడు, నేను "బాబాయ్ ఆగు ఆగు" అని గట్టిగా అరిచాను. "ఎన్నేళ్ళ నుంచి ఇలాగే పోస్తన్నానురా, ఏమైంది?" అన్నాడు. ఏం కాలేదు, నిజమే. కానీ అయ్యే రోజు చెప్పిరాదు కదా, ఆ సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు ఒలికితే ఆయన లుంగీ ఎంత దూరంలో ఉందో నాకు కనిపిస్తానే ఉంది.

అందుకే ఈ పోస్టు. మన వైపు ఇప్పుడు ఇంటికో చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంది, మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ కావచ్చు, గడ్డి కోసే మిషన్ కావచ్చు, కలుపు తీసే పవర్ వీడర్ కావచ్చు, కరెంటు పోతే వేసుకునే చిన్న జనరేటర్ కావచ్చు. బైకుకి ఇచ్చే మర్యాదలో సగం కూడా వీటికి ఇవ్వం. నాకు అర్థమైనంతలో ఈ మిషన్లతో వచ్చే తంటాలు చాలా వరకు ఇంజన్ వల్ల కాదు, పెట్రోలు వల్లే, ఎప్పుడు పోశాం ఎలా కలిపాం ఎన్నాళ్ళు నిల్వ ఉంచాం ఎక్కడ పెట్టాం, అక్కడే ఉంది అంతా.

పెట్రోలు మండదు, దాని ఆవిరి మండుతుంది. సుమారు సున్నాకి 40 డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది అది, మరి మన ఏప్రిల్ ఎండలో ఎంత వదులుతుందో ఆలోచించండి. పైగా ఆ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, నేల మీద పాకుతుంది. వరండాలో పెట్రోలు పోస్తుంటే గుమ్మం దాటి లోపలికెళ్ళి దేవుడి గదిలో దీపం దాకా పాకగలదు. అందుకని ఇంజన్ ఆపి కనీసం పది నిమిషాలు ఆగండి, ఈలోపు మంచినీళ్ళు తాగండి, ఆరుబయట నేల మీద పెట్టి గరాటుతో పోయండి, మెడ దాకా నింపకండి, ఒలికితే గుడ్డతో తుడిచి ఆరాక, పోసిన చోటు నుంచి నాలుగడుగులు పక్కకి జరిపి అప్పుడు తాడు లాగండి. బీడీ సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక కూల్ డ్రింక్ సీసాలు. దయచేసి, దయచేసి పెట్రోలుని కూల్ డ్రింక్ సీసాలో, వాటర్ బాటిల్లో పెట్టకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది దాహానికి తాగే సీసాలాగే కనిపిస్తుంది, టూ స్ట్రోక్ ఇంజన్ల కోసం పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ పోస్తే రంగు కూడా వచ్చేస్తుంది, ఇంకా షర్బత్‌లా ఉంటది. పెట్రోలు ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదకొస్తుంది. తాగేశారని తెలిస్తే వాంతి చేయించకండి, వాంతిలోనే అది ఊపిరితిత్తుల్లోకి జారేది, ఆ సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి పరిగెత్తండి. పెట్రోలు కోసమే చేసిన క్యాను కొనుక్కోండి, దాని మీద పెయింటుతో రాయండి.

టూటీ ఆయిల్ అన్నాను కదా, అది అన్ని మిషన్లకీ కాదు. టూ స్ట్రోక్ ఇంజన్‌కి వేరే ఆయిల్ చాంబర్ ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌ని కాపాడాలి. మిషన్ పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరుకి 40 మి.లీ., 50కి 1 అని ఉంటే లీటరుకి 20 మి.లీ. మా పక్క తోటాయన పనివాడు తెలియక ఉత్త పెట్రోలు పోసి నడిపాడు, సాయంత్రానికి ఇంజన్ పట్టేసింది, తాడు లాగితే రాయిలా కదల్లేదు, విప్పి చూస్తే పిస్టన్ పక్కలు నిలువునా గీసుకుపోయున్నాయి, గోటితో తడిమితే గీతలు తగులుతున్నాయి. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ దీనికి రివర్సు, దాంట్లో ఆయిల్ కలిపిన పెట్రోలు పోయకూడదు, కింద ఆయిల్ విడిగా పోయాలి, చదునైన నేల మీద పెట్టి స్టిక్ తీసి లెవల్ చూసుకోవాలి. హోండా జీఎక్స్160 లాంటి ఇంజన్‌కి పట్టేదే దగ్గరదగ్గర 600 మి.లీ., అందులో సగం తగ్గినా బయటికి ఏమీ తెలియదు. కొత్తప్పుడు మొదటి 20 గంటలకి ఆయిల్ మార్చాలి, తర్వాత 100 గంటలకోసారి. ఇక టూ స్ట్రోక్‌కి కలిపేటప్పుడు ముందు సగం పెట్రోలు, తర్వాత ఆయిలు, గట్టిగా ఊపి, మిగతా సగం. ఆయిల్ ఎక్కువ పోస్తే ఇంజన్‌కి మంచిదనుకుంటారు చాలామంది, కాదు, పొగ కక్కుతుంది, స్పార్క్ ప్లగ్గు నల్లబడి తడిగా తయారవుతుంది.

ఇంకో విషయం, ఇది కొత్తది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది. మన గోదావరి జిల్లాల్లో వానాకాలం తేమ ఎలాగుంటదో మీకు తెలుసు. మూత వదులుగా ఉన్న క్యాన్‌లో నెల రెండు నెలలుంచితే నీళ్ళూ ఇథనాలూ కలిసి అడుక్కి దిగిపోతాయి, టూటీ ఆయిల్ మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. మరి టాంకులో పైపు పీల్చేది అడుగునుంచే కదా, అంటే ఆయిల్ లేని సరుకు ఇంజన్‌కి పోతుంది. అనుమానమొస్తే గాజు సీసాలో కొంచెం పోసి ఎండకి ఎత్తి చూడండి, మధ్యలో సన్నటి గీత కనపడితే అది మిషన్‌లో పోయొద్దు. నేనైతే పది పదిహేను రోజులకి సరిపడానే కలుపుతాను.

సీజన్ అయిపోయాక మిషన్‌ని షెడ్లో పడేసి, మళ్ళీ ఆర్నెల్లకి తీసి తాడు నలభైసార్లు లాగి భుజం పట్టేయించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తారు, కార్బొరేటర్ జెట్లో పెట్రోలు ఎండి బంకలా పట్టేసి ఉంటుంది. చేయాల్సింది అరగంట పని. టాంకు ఖాళీ చేసి, ఇంజన్ వేసి దానంతటదే ఆగిపోయేదాకా నడపడం, కార్బొరేటర్ కింద గిన్నె ఉన్నవాటికి అడుగు బోల్టు విప్పి మిగిలిన చుక్కలు దించడం, ప్లగ్గు విప్పి సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ వేసి తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి ప్లగ్గు మళ్ళీ బిగించడం, అంతే. ఆ రబ్బరు పైపు కూడా వంచి చూడండి, పగుళ్ళు కనిపిస్తే మార్చేయండి, పోయేది చిన్న డబ్బులే.

ప్లగ్గు విప్పినప్పుడు దాన్ని చూడకుండా పక్కన పెట్టకండి. మొన జేగురు రంగులో పొడిగా ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు, తెల్లగా ఉంటే బాగా వేడెక్కుతున్నట్టు, మసిపట్టి ఉంటే గాలి ఫిల్టర్ మూసుకుపోయిందో చోక్ తెరుచుకోలేదో చూడాలి. స్పాంజి ఫిల్టర్‌ని సబ్బు నీళ్ళలో కడిగి, పిండాలే కానీ మెలి తిప్పకూడదు, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. మనోళ్ళు పెట్రోలుతో కడుగుతారు, వద్దు. స్పార్క్ వస్తుందా లేదా అని ప్లగ్గుని సిలిండర్ కన్నం పక్కనే ఆనించి తాడు లాగడం కూడా వద్దు, పెట్రోలు ఎక్కువై ఓవర్ అయిన ఇంజన్ అయితే ఆ కన్నంలోంచి పెట్రోలు తుంపర వస్తుంది, పక్కనే నిప్పురవ్వ.

వీడర్ బ్లేళ్ళకి గడ్డి చుట్టుకున్నా, కట్టర్‌లో తీగ ఇరుక్కున్నా ముందు ప్లగ్గు క్యాప్ పీకండి. ఆపేశాం కదా అని చెయ్యి పెడితే బ్లేడు తిప్పినప్పుడు ఇంజన్ ఒక్క చుట్టు అందుకుంటే చాలు. కట్టర్ నడిచేటప్పుడు 15 మీటర్ల లోపు మనుషులు ఉండకూడదు, రాయి తగిలి ఎగిరితే ఎటెళ్తుందో తెలీదు, కళ్ళద్దాలు కూడా తప్పకుండా పెట్టుకోండి. ఇంకోటి, చాలా కట్టర్లలో బ్లేడు నట్టుకి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలు నట్టుకి రివర్సు, తెలీక విప్పుతున్నామనుకుని బిగించి బిగించి మర పాడుచేస్తుంటారు.

జనరేటర్ గురించి చెప్పకుండా ఆపలేను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా అక్క వాళ్ళు విశాఖలో ఉన్నారు, రోజుల తరబడి కరెంటు లేదు. కింద ఇంటివాళ్ళు వానకి తడుస్తుందని చిన్న జనరేటర్‌ని మెట్ల కింద పెట్టారు. గంటలో అక్కకి తలనొప్పి, పిల్లకి వాంతులు, తుపాను నీళ్ళు పడలేదేమో అనుకున్నారంట. మా బావ తలుపు తెరిస్తే మెట్ల మీద పొగ వాసన, అప్పుడు అనుమానమొచ్చి అందర్నీ డాబా మీదకి తీసుకెళ్ళాడు కాబట్టి సరిపోయింది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు, ఆ రోజు పొగ వాసన వచ్చింది కాబట్టి తెలిసింది, రాత్రి నిద్రలో అయితే తెలిసేది కాదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది అది. జనరేటర్ ఎప్పుడూ బయటే, కిటికీలకీ తలుపులకీ ఆరు మీటర్లన్నా దూరంగా, పొగ గొట్టం ఇంటి వైపు కాకుండా బయటి వైపు తిప్పి పెట్టాలి. గదిలో కిటికీ తెరిస్తే చాలనుకోవద్దు. వైరుకి రెండు వైపులా పిన్నులు పెట్టి గోడ ప్లగ్గులో గుచ్చడం అసలొద్దు, ఆ కరెంటు స్తంభం మీదకెళ్ళి లైన్‌మ్యాన్ ప్రాణం తీస్తుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, లైను కరెంటూ జనరేటర్ కరెంటూ కలవకుండా చూసే చేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించుకోండి.

ఆ రోజు బాబాయి ఆగాడు. ఇద్దరం చెట్టు నీడలో కూర్చున్నాం, ఆయన మజ్జిగ తాగాడు, నేను క్యాను మీద ఎర్ర పెయింటుతో "ఆయిల్ కలిపినది, లీటరుకి 20" అని రాసి కింద తేదీ వేశాను. పది నిమిషాలయ్యాక ఆయన సైలెన్సర్‌కి దగ్గరగా అరచెయ్యి పెట్టి వేడి చూసుకుని, "ఇప్పుడు పోద్దారా మరి" అన్నాడు.