జీప్యాట్ రెండో అటెంప్ట్: ఈసారి ముందు పని ఎంచుకున్నాను

బీఫార్మసీ చివరి ఏడాదిలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది రాస్తున్నాను. "తర్వాత ఏం చేస్తావమ్మా?" అని ఇంట్లో అడిగితే నోట మాట రాకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మొదటి ఏడాది నేను అన్నీ చదివాను. పొద్దున ఎంఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ కోసం ఆర్గానిక్ కెమిస్ట్రీ, మధ్యాహ్నం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగ పరీక్ష కోసం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, రాత్రి జనరల్ స్టడీస్. మధ్యలో అమీర్‌పేటలో ఎవరైనా మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులను కోడ్‌లుగా మార్చే పని) నేర్చుకుంటే వెంటనే ఉద్యోగం అంటే, ఆ వారమంతా మనసు అటే లాగేది. జీప్యాట్‌లో 125 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పు పెడితే 1 మార్కు కోత. అరకొరగా తెలిసినవన్నీ పెట్టేసి వచ్చాను. క్వాలిఫై కాలేదు.

ఇంటి ఖర్చులకని పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే క్యూసీ ల్యాబ్‌లో చేరాను. ఒక నైట్ షిఫ్టులో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం సరిగ్గా ఉందో చూసే పరీక్ష) పాస్ కావడం లేదు, గ్రాఫ్‌లో మందును చూపే పీక్ తోక సాగుతోంది. పదార్థాలు విడిపోయే గొట్టం, అదే కాలమ్, పాడైందన్నారు అందరూ. నాకెందుకో అందులోకి పంపే బఫర్ ద్రావణం మీద అనుమానం. పీహెచ్ 3 ఉండాల్సింది 4 దాటి ఉంది. పీహెచ్ పెరిగితే కాలమ్‌లోని సిలికా మీదుండే సిలనాల్ గ్రూపులు అయనీకరణ చెంది, క్షార స్వభావమున్న మందును పట్టుకుంటాయి. బఫర్ కొత్తగా చేసి ఇంజెక్ట్ చేస్తే పీక్ నిటారుగా వచ్చింది. తెల్లారి కంపెనీ బస్సులో సంతోషంతో నిద్ర పట్టలేదు. ఎంఫార్మసీలో మందులను పరీక్షించే అనాలిసిస్ బ్రాంచి తప్ప ఇంకేదీ వద్దని ఆ బస్సులోనే నిర్ణయించుకున్నాను.

హాస్టల్‌లో నా రూమ్మేట్‌ది వేరే దారి, తనకి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కావాలని. ఇన్‌స్పెక్టర్ షాపులో శాంపిల్ తీస్తే నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, తయారీదారు దగ్గరైతే మూడే. ఏ భాగం కోర్టుకి, ఏది గవర్నమెంట్ అనలిస్టుకి అని తను చెబుతుంటే కథ విన్నట్టుండేది. అదే సెక్షన్ నేను చదివితే ఉత్త బట్టీ. తనకి నేనిచ్చిన సలహా ఒక్కటే, చేస్తున్న ఉద్యోగం మానొద్దని. ఆ నోటిఫికేషన్లు ఏటా రావు. 2022 డిసెంబరులో వచ్చినప్పుడు తెలంగాణ మొత్తానికి 18 పోస్టులే.

రెండో అటెంప్ట్‌కి ఆరు నెలలు చదివాను. డ్యూటీ అయ్యాక రెండు గంటలు, ఆదివారమంతా చిక్కడపల్లి లైబ్రరీ. ఇష్టమైన అనాలిసిస్ ముందు పూర్తిచేసి, భయపడే ఫార్మకాలజీకి ఎక్కువ రోజులు ఉంచుకున్నాను. మాక్ టెస్టుల్లో ఏ ప్రశ్న వదిలేయాలో నేర్చుకోవడమే ఎక్కువ పనికొచ్చింది. జీప్యాట్ వస్తే ఎంఫార్మసీ రెండేళ్లూ నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. మా ఇంట్లో నాన్నని ఒప్పించింది ఆ అంకే. కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థలైన నైపర్‌లలో సీటు కోసం నైపర్ జేఈఈ రాయాలన్నా జీప్యాట్ అర్హత ఉండాలి.

ఈసారి క్వాలిఫై అయ్యాను. బాలానగర్ నైపర్‌లో సీటు రాలేదు, చాలా బాధపడ్డాను. సిటీలోనే ఒక కాలేజీలో అనాలిసిస్ దొరికింది. ఆదివారాలు ఇప్పటికీ రూమ్మేట్, నేను ఆ లైబ్రరీలోనే ఎదురెదురుగా కూర్చుంటాం. తన ముందు చట్టం, నా ముందు అణువుల నిర్మాణం చెప్పే ఎన్‌ఎంఆర్ స్పెక్ట్రాలు.