స్లాబు పడేదాకా

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేం మా జాలరిపేటలో లేం. అంతకుముందే అందరినీ షెల్టరుకి తరలించేశారు. 1999 సూపర్ సైక్లోన్‌లో ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. ఈసారి దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి బతికిపోయాం. తిరిగొచ్చి చూస్తే ఇంటికి ఒక మట్టిగోడ మిగిలింది. అమ్మ ముందు వల వెతుక్కుంది. రేషన్ కార్డు, ఓటరు కార్డు పెట్టిన సంచి మూడో రోజు బురదలో దొరికింది. విప్పితే అంతా ముద్ద.

కొన్నాళ్లకు జీపుల్లో అధికారులు దిగారు. వాళ్లతో ప్రపంచ బ్యాంకు వాళ్లు, మనీలాలో ఉండే ఆసియా అభివృద్ధి బ్యాంకు వాళ్లు కూడా. మాది ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నేను బరంపురంలో డిగ్రీ చదువుతున్నాను కనుక వాళ్ల ఇంగ్లీషు మావాళ్లకి చెప్పే పని నా మీద పడింది. "రెండు బ్యాంకులెందుకు వచ్చాయిరా, ఎవరికి చెప్పుకోవాలి?" అని మావయ్య అడిగాడు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తెలుసుకున్నాను. ఆ రెండు బ్యాంకులూ, రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి ఒకే నష్ట అంచనా తయారు చేశాయి. డిసెంబరు నివేదికలో మూడు పేర్లూ ఉన్నాయి. ఎవరి లెక్క వాళ్లు తీస్తే ఒకే రోడ్డుకి ఇద్దరూ అప్పిస్తామంటారు, ఇళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. లెక్క ఒకటైతే ఎవరు ఏ పని ఎత్తుకోవాలో కూర్చుని తేల్చుకోవచ్చు. మా ఇళ్లు ప్రపంచ బ్యాంకు వైపు వచ్చాయి. 2014లో దాని అనుబంధ సంస్థ ఐడీఏ 15.3 కోట్ల డాలర్లు ఇచ్చింది. అది దానం కాదు, దేశం తీర్చాల్సిన అప్పు. గడువు మాత్రం చాలా ఎక్కువ. ఆ డబ్బు ఢిల్లీ మీదుగా రాష్ట్రానికి, అక్కణ్నించి విపత్తు నిర్వహణ సంస్థకి, చివరికి ఇల్లు కట్టుకునేవాళ్ల ఖాతాకి రావాలి.

పైన అంత పొందిగ్గా కుదిరిన పని మా నాన్న పేరు దగ్గర ఆగింది.

మనం ఇంటిపేరు ముందు రాస్తాం. ఒడియా కాగితాల్లో అది చివరికి పోతుంది. కొత్తగా తీయించిన రేషన్ కార్డులో ఇంటిపేరు ముందుంది, ఓటరు కార్డులో వెనకుంది, బ్యాంకు పాసుపుస్తకంలో అసలు లేదు. "ముగ్గురు మనుషులయ్యా వీళ్లు" అన్నాడు గుమస్తా. అఫిడవిట్ కోసం జిల్లా కేంద్రం ఛత్రపూర్‌కి నాలుగుసార్లు తిరిగాం. వెళ్లిన ప్రతిసారీ నాన్నకి ఒక రోజు వేట పోయేది. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలన్నారు కాబట్టి అమ్మ కాగితాలు కూడా సరిచేయించాం. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది. తన పేరు మీద ఆస్తి ఉండడం అమ్మకి అదే మొదలు.

చిక్కు విడదీసింది ఇళ్ల పనికి సాయంగా మా పేటకి పంపిన సంస్థలో పనిచేసే ఒక అక్క. రెండు భాషలూ వచ్చు. ప్రతి ఇంటి అరుగు మీద కూర్చుని కాగితాలు పక్కపక్కన పరిచి, తేడా ఉన్న అక్షరం కింద పెన్సిలుతో గీత గీసేది. అంత పెద్ద ఒప్పందంలో నేను చూసిన అసలైన సహకారం అదే. అలాంటి మనిషి లేని పేటల్లో వాళ్లు ఏమయ్యారోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఏ బ్యాంకు అప్పిచ్చినా, ఇంట్లో మాట్లాడే భాష తెలిసిన మనిషికి జీతం ఆ లెక్కలో మొదటి రోజు నుంచే ఉండాలి.

ఇంటికి మూడు లక్షలు, విడతల వారీగా. పునాది లేచాక ఫొటో, లింటెల్ మట్టానికి ఇంకోటి. ఫొటో ఎక్కితేనే తర్వాతి విడత. స్లాబు రోజు మావయ్య వాళ్లంతా తట్టలు మోశారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చింది. పలాస దగ్గర తీరం దాటినా మా వైపూ గట్టిగానే వీచింది. ముందురోజే మళ్లీ షెల్టరుకి వెళ్లాం. ఈసారి అమ్మ కాగితాల సంచి వెంట తేలేదు. గూట్లో పెట్టి తాళం వేసింది. తిరిగొచ్చి తలుపు తీసి ముందు దాన్నే తడిమింది. పొడిగా ఉంది.