లింకన్‌లో ఆఖరి 38 గజాలు

కాన్సాస్ సిటీ నుంచి నెబ్రాస్కా రాష్ట్ర రాజధాని లింకన్‌కు కారులో మూడు గంటల దారి. పదకొండింటికి ఆట మొదలంటే తెల్లవారుజామున ఐదుకల్లా బయల్దేరాలి, లేకపోతే పార్కింగ్ దొరకదు. 2023 నవంబరు 24, థాంక్స్‌గివింగ్ మర్నాడు. దేశమంతా డిస్కౌంట్ల కోసం షాపుల ముందు నిలబడే బ్లాక్ ఫ్రైడే. నెబ్రాస్కా వాళ్లకు మాత్రం ఆ రోజంటే పక్క రాష్ట్రం అయోవా జట్టుతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్.

ఈసారి మామూలు మ్యాచ్ కాదు. కాలేజీ ఫుట్‌బాల్‌లో సీజన్‌కు పన్నెండు మ్యాచ్‌లు. అందులో ఆరు గెలిస్తే సీజన్ చివర విడిగా జరిగే బౌల్ మ్యాచ్ ఆడే అర్హత వస్తుంది. పెద్ద జట్లకు అదొక లెక్కలోది కాదు. మా నెబ్రాస్కా యూనివర్సిటీ జట్టు 2016 తర్వాత ఆ గడప తొక్కలేదు. 2016 అంటే నేను అక్కడ ఎంఎస్ పూర్తిచేసిన ఏడాది. అక్టోబరు చివరికి ఐదు గెలుపులు వచ్చేసరికి, ఇక ఒక్కటే కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత మిషిగన్ స్టేట్‌తో 20-17, మేరీలాండ్‌తో 13-10, విస్కాన్సిన్‌తో ఓవర్‌టైమ్‌లో 24-17. మూడూ ఓటములే, మూడూ చేతిదాకా వచ్చి జారిపోయినవే. మిగిలింది అయోవా ఒక్కటే.

ఐ-29 మీద ఉత్తరంగా వెళ్తుంటే ఎడంపక్క మిస్సోరీ నది లోయ, దారి పొడవునా కోతలైపోయిన మొక్కజొన్న చేలు. నెబ్రాస్కా సిటీ దగ్గర నది దాటి 2వ నంబరు హైవే ఎక్కాను. అప్పటికి బాగా వెలుతురొచ్చింది. ముందు వెళ్తున్న పికప్ ట్రక్కులన్నిటికీ ఎర్రజెండాలే. అద్దాల మీద 'గో బిగ్ రెడ్' అని పెయింట్‌తో రాసుకున్నారు. ఊరు ఇంకా దూరముండగానే క్యాపిటల్ భవనం కనిపిస్తుంది. 400 అడుగుల ఎత్తు, శిఖరం మీద విత్తనాలు చల్లుతున్న రైతు కంచు విగ్రహం. ఒక రాష్ట్రం తన ప్రభుత్వ భవనం నెత్తిన రైతును నిలబెట్టుకోవడం నాకెప్పుడు చూసినా సంతోషంగానే ఉంటుంది. మాదీ మొక్కజొన్న వేసే ఇల్లే, గుంటూరు జిల్లాలో.

మా క్లాస్‌మేట్ ఒమాహా నుంచి భార్యతో వచ్చి, హేమార్కెట్ పక్క పార్కింగ్‌లో నా కోసం ఎదురుచూస్తున్నాడు. "ఏం మామా, ఈసారైనా కొడతారా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "తిని వెళ్దాం అన్నయ్యా, లోపల చలికి తట్టుకోవాలి" అంటూ వాళ్లావిడ పులిహోర డబ్బా తెరిచింది. పక్క ట్రక్కు వాళ్లు పెద్ద గిన్నెలో చిల్లీ (బీఫ్, బీన్స్ వేసి వండే కూర) వేడి చేసుకుంటున్నారు. నెబ్రాస్కాలో చిల్లీకి తోడు సినమన్ రోల్ (దాల్చినచెక్క వేసిన తీపి బన్ను) తింటారు, స్కూళ్లలో పిల్లలకు పెట్టే భోజనం నుంచి వచ్చిన అలవాటట. మేం బీఫ్ తినమని చెప్పగానే చిల్లీ సంగతి వదిలేసి, రోల్స్ మాత్రం చేతుల్లో పెట్టారు. మా పులిహోర వాళ్ల ప్లేట్లలోకి వెళ్లింది.

మెమోరియల్ స్టేడియానికి ఆ ఏడాదే నూరేళ్లు నిండాయి. యుద్ధాల్లో పాల్గొన్న నెబ్రాస్కా వాళ్ల జ్ఞాపకార్థం 1923లో కట్టారు. దాని మూలగోడ మీద చెక్కిన మాటలున్నాయి: విజయం కాదు, చేసిన పనే ముఖ్యం, గోల్ కాదు, ఆటే ముఖ్యం. చదువుకునే రోజుల్లో ఆ గోడ పక్కనుంచే రోజూ క్లాసుకు వెళ్లేవాణ్ని. ఆ మాటలు నిజమే కావచ్చు. కానీ ఇన్నేళ్లుగా ఓడుతున్న జట్టు అభిమానికి విజయం కూడా కావాలి. అది అడగడం అత్యాశ కాదు.

బయటివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఈ స్టేడియంలో 1962 నవంబరు నుంచి ఒక్క మ్యాచ్‌కైనా టికెట్లు మిగల్లేదు. గెలిచినా ఓడినా ప్రతి ఆటకూ హౌస్‌ఫుల్లే. ఇంచుమించు 85 వేల మంది పడతారు. ఆట రోజున ఒమాహా, లింకన్ తర్వాత రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు ఈ స్టేడియమే అంటారు. రాష్ట్ర జనాభా ఇంచుమించు 20 లక్షలు, పెద్ద ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు. ఉన్నదల్లా ఈ కాలేజీ జట్టే.

నాకు ఈ పిచ్చి పట్టింది 2014 సెప్టెంబరులో. వచ్చిన నెలకే ల్యాబ్‌లో ఒక సీనియర్ మిగిలిన టికెట్ ఉందని లాక్కెళ్లాడు. ఫ్లడ్‌లైట్ల కింద మయామీతో ఆట. మన అమీర్ అబ్దుల్లా బంతి పట్టుకుని మొత్తం 229 గజాలు పరిగెత్తాడు, మనవాళ్లు 41-31తో గెలిచారు. రూల్స్ ఒక్కటీ తెలియకుండానే గొంతు పోయేలా అరిచాను. ఆ సీజన్‌లో బౌల్ మ్యాచ్‌కు ముందు తొమ్మిది గెలిచి మూడు ఓడారు. అయోవాను వాళ్ల ఊళ్లోనే ఓవర్‌టైమ్‌లో ఓడించిన రెండు రోజులకు కోచ్ బో పెలినీని తీసేశారు. తొమ్మిది గెలుపులు చాలవన్నారు! 2003లోనూ అంతే, అప్పటి కోచ్ ఫ్రాంక్ సోలిచ్ తొమ్మిది గెలిపించాక ఇంటికి పంపారు.

నా బాధంతా ఇక్కడే. టామ్ ఓస్బర్న్ 1973లో కోచ్ అయితే, ఆయనకు మొదటి నేషనల్ చాంపియన్‌షిప్ 1994లో వచ్చింది, 22వ సీజన్‌లో. మధ్యలో 1984 జనవరిలో మయామీ చేతిలో ఒక్క పాయింటుతో, 31-30తో టైటిల్ పోయింది. డ్రా చేసుకునే వీలున్నా గెలుపు కోసమే ఆడి ఓడారు. అయినా ఆయన్ని ఎవరూ కదిలించలేదు. తర్వాత 1994, 1995, 1997 మూడూ మనవే. ఆ ఓపిక ఈ జట్టు నడిపేవాళ్లలో ఎక్కడికి పోయింది? 1997 జట్టు క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేస్తూ దాడిని నడిపించే ఆటగాడు) స్కాట్ ఫ్రాస్టే కోచ్‌గా వస్తున్నాడంటే పండగ చేసుకున్నాం. 16 గెలుపులు, 31 ఓటములతో 2022 సెప్టెంబరులో ఆయన కథ ముగిసింది. 2021లో ఓడిన తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్ల తేడా దాటలేదు. చిత్తుగా ఓడితే ఒకేసారి ఏడ్చి ఊరుకోవచ్చు. వీళ్లు ప్రతిసారీ ఆఖరి నిమిషం దాకా ఆశ పెట్టి ఓడతారు.

మా సీట్లు తూర్పు స్టాండ్స్‌లో. పక్కన పెద్ద వయసు దంపతులు, కియర్నీ వైపు రైతులు. ఆ సీట్లు వాళ్ల నాన్న నుంచి వచ్చాయట. అల్యూమినియం బెంచీ, కాళ్లకింద చల్లటి కాంక్రీటు. ఆయన సంచిలోంచి అట్టపెట్టె ముక్కలు తీసి మా ముగ్గురికీ తలొకటి ఇచ్చాడు, బూట్ల కింద వేసుకోమని. నిజంగానే అరగంటలో కాళ్లకు ప్రాణం వచ్చింది. మొక్కజొన్న ధర ఎలా ఉందని అడిగితే, నిరుటికంటే బాగా పడిపోయిందన్నాడు. మా నాన్న ఫోన్‌లో చెప్పేదీ అదే మాట.

ఆట గురించి చెప్పాలంటే, రెండు జట్లకూ డిఫెన్సే బలం. మన క్వార్టర్‌బ్యాక్ చబ్బా పర్డీ, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే బ్రాక్ పర్డీ తమ్ముడు. జేలెన్ లాయిడ్‌కు 66 గజాల పాస్ వేసి టచ్‌డౌన్ (బంతిని ఎదుటివాళ్ల గీత దాటించడం) చేయించినప్పుడు ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలియదు. ఒకవైపు వాళ్లు మా జట్టు ముద్దుపేరు 'హస్కర్' అంటే ఎదుటి వైపు వాళ్లు 'పవర్' అంటూ స్టేడియం మొత్తం ఊగిపోయింది. అయోవా కిక్కర్ డ్రూ స్టీవెన్స్ ఫీల్డ్ గోల్ (బంతిని గోల్‌పోస్టుల మధ్యనుంచి తన్నితే మూడు పాయింట్లు) కోసం కొట్టిన రెండు కిక్‌లను మనవాళ్లు చేతులెత్తి ఆపేశారు. రెండోది ఆపినప్పుడు మావాడు నా భుజం పట్టుకుని "ఇవాళ మనదే మామా, రాసిపెట్టుకో" అన్నాడు. నేనూ నమ్మాను.

10-10 దగ్గర స్కోరు కదలడం లేదు. ఆఖరి నిమిషం. బంతి మన దగ్గరే ఉంది. ఓవర్‌టైమ్‌కు వెళ్లినా చాలు. పర్డీ వేసిన పాస్ అయోవా వాళ్ల చేతుల్లో పడింది. వాళ్లు ఒక్క మంచి పరుగుతో గోల్‌పోస్టుల దగ్గరికి వచ్చేశారు. స్టీవెన్స్‌ను పక్కనబెట్టి మార్షల్ మీడర్ అనే కుర్రాణ్ని దింపారు. అయోవా తరఫున అతనికదే మొదటి ఫీల్డ్ గోల్ ప్రయత్నం. 38 గజాలు. మా పక్కాయన టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. టెన్షన్‌తో వాళ్లావిడ మైదానం వైపు చూడనేలేదు. బంతి లేచిన తీరుకే అర్థమైపోయింది. టైమ్ అయిపోయింది. 13-10.

ఆ సీజన్ మొదటి మ్యాచ్‌లో మిన్నెసోటా, తర్వాత మేరీలాండ్, ఇప్పుడు అయోవా. మూడుసార్లూ అదే 13-10, మూడుసార్లూ ఆఖరి కిక్కే. బంతి పోగొట్టుకోవడంలో ఆ ఏడాది మనవాళ్లు దేశంలోనే అట్టడుగు జట్లలో ఉన్నారు. చేతిలో బంతిని కాపాడుకుంటే చాలు, ఇదే డిఫెన్స్‌తో ఏడో ఎనిమిదో గెలిచే జట్టు అది. కోపం వచ్చేదీ అందుకే, ఆశ పోనిదీ అందుకే.

జనం తిట్టుకోలేదు. చాలామంది లేవకుండా అలాగే కూర్చుండిపోయారు. మా పక్కాయన ఖాళీ కప్పులు, అట్టముక్కలు ఏరి సంచిలో వేసుకుంటూ, కొత్త కోచ్ మ్యాట్ రూల్‌కు ఇది మొదటి ఏడాదే కదా, కాస్త టైమివ్వాలి అన్నాడు. గట్టిగా అవునన్నాను. ఈ కోచ్‌ను కూడా రెండేళ్లకే తరిమేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఒమాహాలో మావాళ్లింట్లో రాత్రి భోజనాల దగ్గరా అదే చర్చ. "ఎన్నాళ్లు మామా ఇలా? వచ్చే ఏడాది నేను రాను" అన్నాడు మావాడు, అన్నం కలుపుతూ. వాళ్లావిడ నవ్వింది. "పోయినేడాది కూడా ఇదే అన్నారు అన్నయ్యా, సెప్టెంబరు రాగానే టికెట్లు ఈయనే కొన్నారు."

డిసెంబరులో ఒకరోజు నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా మావాడి నుంచి వరసగా మిస్డ్ కాల్స్. కంగారుపడి బయటికొచ్చి చేస్తే, "డిలన్ రయోలా మనకే వస్తున్నాడు! జార్జియాకు ఇచ్చిన మాట మార్చుకున్నాడు!" అని అరుస్తున్నాడు. రయోలా అప్పటికి దేశంలో పేరున్న, టాప్ రేటింగ్ (ఫైవ్‌స్టార్) ఉన్న హైస్కూల్ క్వార్టర్‌బ్యాక్. వాళ్ల నాన్న డొమినిక్ మన జట్టులోనే సెంటర్ అనే స్థానంలో ఆడాడు. బాబాయ్ డోనవన్ అప్పట్లో మన దగ్గరే ఒక కోచ్. వచ్చే నవంబరులో విస్కాన్సిన్ లింకన్‌కు వస్తుందట. మన ముగ్గురికీ కలిపి టికెట్లు చూడమంటావా అన్నాడు. చూడు, ఆ రైతు పక్క సీట్లే దొరుకుతాయేమో కూడా చూడు అన్నాను.