పట్టపగలు ఎక్కి చీకట్లో దిగడం

నవంబరు 7, శుక్రవారం.

పొద్దున ఈయన్ని ఇక్కడ ఉత్తర నార్వేలో మా ట్రోమ్సో ఎయిర్‌పోర్టులో దింపి ఇంటికొచ్చి కాఫీ పెట్టుకుంటుంటే ఫోను. పాస్‌పోర్టు బీరువాలోనే ఉండిపోయిందట! ఈయన వెళ్లే లాంగ్‌యర్‌బియెన్ కూడా నార్వేలోనే అయినా, ఆ ఊరున్న స్వాల్‌బార్డ్ దీవులు షెంగెన్ (సరిహద్దుల్లో పాస్‌పోర్టు తనిఖీ లేకుండా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) లెక్కలోకి రావు కాబట్టి పాస్‌పోర్టు చూపించాల్సిందే. రాత్రి రెండుసార్లు గుర్తుచేశాను, సర్లే. రోడ్డంతా గడ్డకట్టిన మంచు, స్పీడు పెంచే వీల్లేదు, ఆ కాసేపూ ఒకటే టెన్షన్. మొత్తానికి అందించాను.

పదకొండున్నరకి విమానం లేచింది. పన్నెండు దాటాక పప్పు పొయ్యి మీద ఉండగా రాజమండ్రి నుంచి అమ్మ వీడియో కాల్. మా తమ్ముడు మ్యాప్ తీసి చూపించాడట, ఇక చూడాలి కంగారు. "ఏమే, ఆ మధ్యలో అంతా సముద్రమేనటగా, ఎంత దూరమే అది?"

దాదాపు 960 కిలోమీటర్లమ్మా, గంటా నలభై నిమిషాలు, హైదరాబాదు నుంచి ఢిల్లీ ఇంతకంటే ఎక్కువ అన్నాను. నమ్మలేదు. నమ్మకపోవడం ఆవిడ తప్పు కాదు, గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచారు కదా, ఉత్తరానికి పోయేకొద్దీ అంచుల్లో సాగదీసిన దోసెలా మ్యాప్ సాగిపోతుంది, ఈ దారి ఉన్నచోట మనవైపు కంటే మూడు రెట్లకు పైనే పెద్దగా కనిపిస్తుంది. నేను కూడా ఇక్కడికొచ్చిన కొత్తలో అది ఐదారు గంటల ప్రయాణం అనుకున్నాను.

"మధ్యలో దిగడానికి ఏమీ లేదా?" అంది. ఉంది, కాస్త అటూఇటూగా సగం దారిలో బియోర్నోయా అని ఒక దీవి, అంటే ఎలుగుబంటి దీవి, అక్కడ వాతావరణ కేంద్రంలో పనిచేసే కొద్దిమంది తప్ప ఎవరూ ఉండరు, విమానాలు దిగే రన్‌వే లేదు. ఇదంతా చెప్పకుండా ఊరుకోవాల్సింది, దేవుడికి దణ్ణం పెట్టుకోవడం మొదలుపెట్టింది. మాట మార్చడానికి 1975లో లాంగ్‌యర్‌బియెన్ ఎయిర్‌పోర్టు తెరిచాకే నయమమ్మా, అంతకుముందు చలికాలంలో సముద్రం గడ్డకడితే ఓడలు నెలల తరబడి ఆగిపోయేవి అన్నాను. "అలాంటి చోటికి ఎందుకు పంపావే?" అంది. నేను పంపానా!

నాకు మాత్రం దూరం కంటే వింతగా ఉండేది వెలుతురు సంగతి. ఇండియా నుంచి వచ్చినప్పుడు గడియారం వెనక్కి తిప్పుకున్నాం, అది అర్థమయ్యే విషయమే. ఇది నేరుగా ఉత్తరానికి పోవడం, గడియారం అలాగే ఉంటుంది, మారేది పగలే. ఇక్కడ మధ్యాహ్నం రెండింటిదాకా కొండల అంచున సూర్యుడు ఉంటాడు, అక్కడ అక్టోబరు చివర్లో వెళ్లినవాడు మళ్లీ ఫిబ్రవరిలో గానీ కనిపించడు. అంటే ఎండ చూస్తూ ఎక్కినవాళ్లు ఒక సినిమా కూడా పూర్తికాకుండానే సూర్యుడు లేని ఊళ్లో దిగుతారు.

ఒకటింబావుకి "దిగాను, రన్‌వే మీద కుదుపులు మామూలే" అని మెసేజ్, వెంట ఫోటో. నేలకింద ఎప్పుడూ కరగని మంచు ఉంటుంది కదా, దాని కదలికలకి ఆ రన్‌వే చదునుగా ఉండదట. ఫోటోలో ఆకాశం ముదురు నీలం, కింద ఊరి దీపాలు. అమ్మకి పంపాను.

వెంటనే ఫోను. "హమ్మయ్య. అక్కడ రాత్రయిపోయిందిగా, ఇక అల్లుడుగారికి మెసేజ్‌లు పెట్టకు, పడుకోనీ."